బండి మీద షూ లేసులు: అపోహలు - వాస్తవాలు

సిగ్నల్ దగ్గర బండి ఆగుతుంది. ఎవరూ గుద్దకపోయినా, ఆగిన మరుక్షణమే ఎడమ వైపుకు ఒరిగి దబ్బున పడుతుంది. చూసినవాళ్లు బ్యాలెన్స్ తప్పాడనుకుంటారు. బండి లేపేటప్పుడు ఎడమ బూటు చూస్తే, లేసు ఉచ్చు గేర్ రాడ్‌కు తగులుకుని కనిపిస్తుంది. కాలు దించుదామనుకునే సరికి అది కిందికి రాలేదు, అంతే.

బండి నేర్పేవాళ్లు హెల్మెట్ గురించి చెప్తారు, అద్దాల గురించి చెప్తారు. లేసుల ఊసెత్తేవాళ్లు తక్కువ. అందుకే తెలిసీ తెలియని మాటలు చాలా తిరుగుతుంటాయి.

అపోహ: లేసు ఊడితేనే ప్రమాదం. ముడి ఉంటే భయం లేదు.

వాస్తవం: ఊడి వేలాడే కొస గేర్ రాడ్ మీద పడినా చాలాసార్లు జారిపోతుంది. పట్టుకునేది ముడిలో మిగిలిన ఉచ్చు. కొక్కేనికి సంచి తగిలించినట్టు అది పోయి రాడ్ చివర కూర్చుంటుంది.

ఇది ఎలా జరుగుతుందో ఒకసారి కాలి దగ్గరే చూద్దాం. మొదటి గేరు కిందికి, మిగతావి పైకి పడే బళ్లలో రెండో గేరు వేయాలంటే బొటనవేలిని రాడ్ కిందికి పోనిచ్చి పైకి ఎత్తాలి. అప్పుడు రాడ్ రబ్బరు బూటు పైభాగాన, లేసుల వరస మొదలయ్యే చోట ఒరుసుకుంటుంది. ముడి అక్కడికి నాలుగు వేళ్ల దూరంలోనే ఉంటుంది. ఉచ్చులు పొడుగ్గా ఉండి ముందుకు వాలి ఉంటే, పాదం వెనక్కి లాక్కునేటప్పుడు వాటిలో ఒకటి రాడ్‌కు తగులుకుంటుంది. రైడర్‌కు తెలియదు. పాదం ఫుట్ రెస్ట్ మీదే ఉంటుంది కాబట్టి లేసు వదులుగానే ఉంటుంది, గేర్లు కూడా పడుతూనే ఉంటాయి. అలా ఎంత దూరమైనా వెళ్లొచ్చు. ఆగినప్పుడు గానీ బయటపడదు.

మడమతో కూడా నొక్కే రెండు వైపుల గేర్ రాడ్ ఉన్న బళ్లలో వేలు కింద దూర్చే పని లేదు కాబట్టి ఈ బెడద కొంత తక్కువ. కాకపోతే మడమ వైపు రాడ్‌కు లేసు కొస చుట్టుకునే వీలుంది.

అపోహ: తగులుకుంటే ఏముంది, ఒక్క గుంజు గుంజితే తెగిపోతుంది.

వాస్తవం: మామూలు పాలిస్టర్ లేసుతో నిండు బకెట్ నీళ్లు పైకి లేపినా తెగదు. అది తెగేదాకా బండి పడిపోకుండా నిలబడదు కూడా. బండి కదులుతున్నంతసేపు తనంతట తానే నిలబడుతుంది. నడక వేగానికి దిగాక హ్యాండిల్‌తో సర్దుకోవాలి, పూర్తిగా ఆగాక మోసేది కాలే. ఆ కాలు నేలకు చేరడానికి ఉన్న సమయం అర సెకను. స్ప్లెండర్ బరువు 112 కిలోలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. నిటారుగా ఉన్నంతవరకు రెండు వేళ్లతో పట్టుకోవచ్చు. కాస్త ఒరిగాక బలమైనవాళ్లకు కూడా ఆగవు. కాలు కిందే ఇరుక్కుపోతే సైలెన్సర్ వైపైతే కాలిన గాయం, గేర్ రాడ్ వైపైతే చీలమండకు దెబ్బ.

ఇంకో చిక్కు ఉంది. తగులుకుందని తెలియగానే ఎవరైనా కాలిని కిందికి గుంజుతారు. దానితో ఉచ్చు ఇంకా బిగుసుకుంటుంది. గేర్ రాడ్ కొస ఇంజను నుంచి బయటికి పొడుచుకుని ఉంటుంది. కాబట్టి పాదాన్ని రాడ్ వెంబడే బయటికి, అంటే ఎడమ పక్కకు జరపాలి. రబ్బరు మీద నుంచి ఉచ్చు జారి వచ్చేస్తుంది. అది కూడా కుదరకపోతే ఎడమ కాలు సంగతి మర్చిపోండి. క్లచ్ పట్టుకుని, ముందు బ్రేకు మెల్లగా వేస్తూ, బండి ఆగకముందే నడుము కాస్త కుడి వైపుకు వాల్చి కుడి కాలు ఆనించండి. వెనక బ్రేకు కాలు దిగిపోతుంది కాబట్టి ముందు బ్రేకుతోనే ఆగాలి. ఖాళీ మైదానంలో పదిసార్లు కుడి కాలితో ఆపడం సాధన చేస్తే చాలు. ఎప్పుడూ ఎడమ కాలే దించే అలవాటున్నవాళ్లకు ఆ సమయంలో కుడి కాలు గుర్తుకు రాదు.

అపోహ: కుడి బూటుకు ఏమీ కాదు, అటు గేర్లు లేవు కదా.

వాస్తవం: అటు బ్రేక్ పెడల్ ఉంది. ఉచ్చు ఫుట్ రెస్ట్ కొసకు తగులుకుంటే పాదం పెడల్ మీదికి లేవదు, అంటే వెనక బ్రేకు లేనట్టే. పెడల్‌కే తగులుకుంటే కాలు దించినప్పుడల్లా బ్రేకు తనకు తానే పడుతుంది. కిక్ రాడ్ ఉన్న బళ్లలో కిక్ కొట్టే ముందు లేసు చూసుకోవడం ఇంకా ముఖ్యం. రాడ్ తిరిగి పైకి వచ్చే వేగానికి లేసు పట్టుకుంటే పాదం దానితోపాటు లేస్తుంది.

అపోహ: చైన్‌కు కవర్ ఉంది, లేసు అందులోకి ఎలా పోతుంది?

వాస్తవం: స్ప్లెండర్ లాంటి బళ్లకు చైన్ మొత్తం మూసి ఉంటుంది, నిజమే. చాలా స్పోర్ట్స్ బళ్లకు మాత్రం పైన ఒక చిన్న ప్లాస్టిక్ పట్టీ తప్ప చైన్ బయటికే ఉంటుంది. చైన్ శుభ్రం చేసుకోవడానికి కవర్ విప్పి మళ్లీ బిగించనివాళ్లు కూడా ఉన్నారు.

వేగం లెక్క చూడండి. 428 సైజు చైన్‌లో ఒక్కో లింకు పొడవు 12.7 మిల్లీమీటర్లు. వెనక స్ప్రాకెట్‌కు, అంటే చైన్ పట్టుకుని తిరిగే పళ్ల చక్రానికి, 44 పళ్లుంటే చక్రం ఒక్కసారి తిరిగేలోపు 56 సెంటీమీటర్ల చైన్ నడుస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు ఆరుసార్లు తిరుగుతుంది. అంటే చైన్ వేగం సెకనుకు 3 మీటర్లకు పైనే. వేలాడే 15 సెంటీమీటర్ల లేసును అది లోపలికి లాగేయడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. రెప్ప కొట్టేలోపు బూటు అటు వెళ్లిపోతుంది. నడిపేవాళ్ల పాదం ఫుట్ రెస్ట్ మీద సరిగ్గా ఉంటే చైన్‌కు కాస్త దూరంగానే ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్ల పాదమే దానికి దగ్గర. చాలా బళ్లలో చైన్ ఎడమ వైపునే ఉంటుంది. ఒక పక్కకు కూర్చునేవాళ్ల కాళ్లు కూడా అటే.

చీర కొంగు, చున్నీ సంగతి అందరికీ తెలుసు. అందుకే కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 123వ నిబంధన ప్రకారం వెనక చక్రంలో కనీసం సగం భాగాన్ని కప్పే రక్షణ ఉండాలి, పట్టుకోవడానికి పిడి ఉండాలి, ఫుట్ రెస్ట్ ఉండాలి. స్టైల్ కోసం ఆ రక్షణను, అంటే శారీ గార్డ్‌ను, పీకేసిన బండి ఎక్కేవాళ్లు లేసులతో పాటు కొంగు, చున్నీ కూడా ముందే సర్దుకోవాలి.

అపోహ: డబుల్ ముడి వేస్తే చాలు.

వాస్తవం: డబుల్ ముడి ఊడకుండా చూస్తుంది, తగులుకునే ఉచ్చులు మాత్రం అలాగే మిగులుతాయి. పైగా చాలామంది వేసే మొదటి ముడే తప్పు. సరిచూసుకోవడం తేలిక. జారుముడి వేశాక ఉచ్చులు బూటుకు అడ్డంగా, కుడికి ఒకటి ఎడమకు ఒకటి పడి ఉంటే ముడి సరైనది. ఒకటి వేళ్ల వైపు, ఇంకోటి చీలమండ వైపు తిరిగి నిలువుగా ఉంటే, రెండు మెలికలూ ఒకే దిక్కున వేశారన్నమాట. ఆ ముడి త్వరగా వదులవుతుంది, ముందుకు తిరిగిన ఉచ్చు నేరుగా గేర్ రాడ్ వైపే చూస్తూ ఉంటుంది. రెండిందాలా చేటు. దీనికి మందు ఒక్కటే: మొదటి మెలికలో ఎప్పుడూ కుడి కొసను ఎడమ కొస మీద వేసే అలవాటుంటే, ఇకపై ఎడమ కొసను కుడి దాని మీద వేయండి. మిగతాదంతా చేతికి అలవాటైనట్టే కానివ్వండి.

ముడి దానంతట అదే ఎందుకు ఊడుతుందో 2017లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తి చూశారు. పాదం నేలను తాకినప్పుడల్లా ముడి మీద పడే తాకిడి భూమ్యాకర్షణకు ఏడు రెట్లుందట. ఆ తాకిడికి ముడి సడలుతుంటే, కాలు ఊగినప్పుడు కొసలు కొరడాల్లా ఎగిరి దాన్ని బయటికి లాగుతాయి. బండి మీద పరుగు లేదు గానీ, గాలికి కొసలు కొట్టుకోవడం మాత్రం ఆగదు. మెట్లు దిగి పార్కింగ్‌కు వచ్చేసరికి సగం సడలిన ముడిని ఆ గాలి పూర్తి చేస్తుంది.

పొడవు విషయానికొస్తే, ఐదు జతల రంధ్రాలకు 90 సెంటీమీటర్ల లేసు, ఆరు జతలకు 110 సరిపోతాయి. ముడి వేశాక ఉచ్చు మీ బొటనవేలి పొడవును దాటకూడదు. ఎక్కువైతే కత్తిరించి, పాలిస్టర్ అయితే కొసను లైటర్‌తో కరిగించి నొక్కండి. కాటన్ కరగదు, కాలిపోతుంది, దానికి టేపు చుట్టాలి. కొనేటప్పుడు గుండ్రటి నున్నటి లేసు కంటే చదునైన కాటన్ లేసు మేలు, ముడి పట్టు నిలుస్తుంది.

చివరగా ఉచ్చులనూ కొసలనూ, బూటు మీద అడ్డంగా పోయే లేసు వరసల్లో కింది నుంచి రెండో దానికో మూడో దానికో కిందికి దూర్చండి. చీలమండ దగ్గర బూటు లోపలికి తోసేవాళ్లున్నారు. గేరు మార్చడానికి పాదం వంచిన ప్రతిసారీ అది పైకి పాకుతుంది, రెండు వీధులు దాటేసరికి బయటికొస్తుంది.

అపోహ: ఈ తలనొప్పి ఎందుకు, చెప్పులే నయం. కానీ చెప్పులకు చలానా రాస్తారు కదా?

వాస్తవం: రెండూ తప్పే. చెప్పులతో నడిపితే చలానా అనే పుకారు 2019లో బాగా తిరిగితే, కొత్త చట్టంలో అలాంటి నిబంధన లేదని కేంద్ర రవాణా మంత్రి కార్యాలయమే చెప్పింది. చలానా లేనంత మాత్రాన చెప్పులు మంచివైపోవు. హవాయి చెప్పు గేర్ రాడ్ కింద మడత పడుతుంది, తడిసిన ఫుట్ రెస్ట్ మీద జారుతుంది, పడ్డప్పుడు వేళ్లకు అడ్డేమీ ఉండదు. లేసుల గొడవ వద్దనుకుంటే వెల్‌క్రో పట్టీ ఉన్న బూటో, లేసులను కప్పే మూత ఉన్న రైడింగ్ బూటో చూసుకోండి.

అపోహ: స్కూటీకి ఇవేవీ వర్తించవు.

వాస్తవం: గేర్ రాడ్ లేదు, చైన్ బయటికి లేదు కాబట్టి ప్రమాదం చాలా తక్కువ, ఒప్పుకోవాల్సిందే. సెంటర్ స్టాండ్ వేసేటప్పుడు తొక్కే కొసకు, సైడ్ స్టాండ్‌కు మాత్రం లేసు తగులుకోగలదు.

అపోహ: పిల్లలు చిన్నవాళ్లు, ఊరికే వెనక కూర్చుంటారు, వాళ్ల లేసులతో ఏమవుతుంది?

వాస్తవం: అసలు భయపడాల్సింది ఇక్కడే. పిల్లల కాళ్లు ఫుట్ రెస్ట్‌కు అందవు, చక్రం పక్కనే ఊగుతుంటాయి. పొద్దున్నే హడావిడిలో వేసిన స్కూల్ బూటు ముడి సగం ఊడే ఉంటుంది. లేసు చువ్వల మధ్యకు పోతే దాని వెనకే పాదం పోతుంది. నాలుగేళ్ల లోపు పిల్లలను వెనక కూర్చోబెట్టుకుంటే సేఫ్టీ హార్నెస్ (పిల్లలను నడిపేవాళ్లకు కట్టి ఉంచే పట్టీ), హెల్మెట్ ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో నిబంధన తెచ్చారు. అంతకు పెద్ద పిల్లలకైనా వెల్‌క్రో బూట్లే కొనండి.

ఇక లేసు నిజంగానే చైన్‌లోకి పోతే: క్లచ్ పట్టుకోవడం ఒక్కటే సరిపోదు. ఇంజను విడిపోయినా, కదిలే చక్రం చైన్‌ను తిప్పుతూనే ఉంటుంది. క్లచ్‌తో పాటు రెండు బ్రేకులూ వేయాలి. ఆగగానే హ్యాండిల్ మీది కిల్ స్విచ్‌తో గానీ తాళంతో గానీ ఇంజను ఆపేయాలి. లేసును మొదట బూటు దగ్గరే కత్తిరించి కాలు విడిపించుకోండి, బూటు వదిలేసి పాదం లాక్కున్నా మంచిదే. తర్వాత ఇంజను ఆపే ఉంచి, న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పితే లేసు వచ్చిన దారినే బయటికొస్తుంది. ఇంజను ఆన్ చేసి, గేరులో చక్రం తిప్పుతూ లాగొద్దు. చైన్‌కూ స్ప్రాకెట్‌కూ మధ్య వేళ్లు పోయేది అప్పుడే.