ఆకు రాల్చే ఆర్కిడ్లు: అపోహలు – వాస్తవాలు

డెండ్రోబియం అనే ఆర్కిడ్ జాతిలో కొన్ని రకాలు ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి. నోబిలే, ఎఫిల్లం, అనోస్మం వంటివి మాత్రం చలికాలంలో ఆకులు రాల్చి, ఎండుపుల్లల్లా కనిపించి, వేసవి ముంగిట పూస్తాయి. ఇళ్లలో ఎక్కువగా పాడయ్యేవి ఈ రెండో రకమే. అవి సున్నితమైనవి కావడం వల్ల కాదు, వాటి మీద అవసరానికి మించి శ్రద్ధ పెట్టడం వల్ల.

అపోహ: ఆకులు రాలిపోతే మొక్క చనిపోయినట్టే.

కాడను వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే మొక్క బతికే ఉంది. మెత్తబడి, గోధుమరంగుకు తిరిగి, దుర్వాసన వస్తుంటే అది కుళ్లు. వానాకాలంలో కూడబెట్టిన నీరు, పిండిపదార్థం ఆ కాడలోనే ఉంటాయి. మొగ్గలు కూడా దాని కణుపుల దగ్గరే వస్తాయి. బోసిగా ఉందని కాడను కత్తిరించేవారు ఆ ఏటి పూలనే కత్తిరిస్తున్నారు. పూసిన తరువాత కూడా అది కొత్త పిలకకు ఆహారం అందిస్తుంది కనుక, పూర్తిగా ఎండిపోయేదాకా ఉంచడమే మంచిది.

అపోహ: ఎండినట్టుంది కాబట్టి నీళ్లు, ఎరువు ఎక్కువగా ఇస్తే చిగురిస్తుంది.

ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే. సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో వర్ణించిన ఎఫిల్లంనే తీసుకోండి. తూర్పు కనుమల్లో అది జూన్ నుంచి అక్టోబరు దాకా వానలో తడుస్తూ కాడలు పెంచుకుంటుంది. ఆ తరువాత నెలల తరబడి దానికి అందేది తెల్లవారుజామున కురిసే మంచు, ఎప్పుడైనా పడే ఒక జల్లు మాత్రమే. ఆకులు లేని మొక్క నీటిని చాలా తక్కువగా వాడుకుంటుంది కాబట్టి, కుండీలో కొబ్బరి పొట్టు ఎప్పుడూ తడిగా ఉంటే వేర్లు కుళ్లుతాయి. నత్రజని ఎరువు చివరిదాకా వేస్తే మరో చిక్కు వస్తుంది: నోబిలేలో పూలు రావలసిన కణుపుల నుంచి పిలకలు వస్తాయి. అందువల్ల ఆగస్టు చివరికి ఎరువు ఆపి, ఆకులు పసుపుబారడం మొదలైనప్పటి నుంచి నీటిని క్రమంగా తగ్గించాలి. కాడ మీద సన్నని ముడతలు పడితే కంగారు అక్కరలేదు. ముడతలు లోతుగా పడితే మాత్రం ఉదయం పూట కాస్త నీళ్లు చిలకరిస్తే చాలు.

అపోహ: విశ్రాంతి అంటే నీడలో పెట్టడం.

దీనికి వ్యతిరేకమే నిజం. అడవిలో ఆశ్రయమిచ్చిన చెట్టు కూడా చాలాసార్లు ఆకు రాలుస్తుంది కనుక ఈ మొక్కకు చలికాలంలోనే వెలుతురు ఎక్కువ అందుతుంది. పెరట్లో కట్టదలిస్తే, నా ఉద్దేశంలో దట్టమైన మామిడి కన్నా చలికాలంలో ఆకు రాల్చే దేవగన్నేరు మేలు. ఆర్కిడ్ చెట్టు రసం పీల్చుతుందన్న భయం వద్దు. బదనికలా అది కొమ్మలోకి వేరు దించదు, బెరడును పట్టుకుని ఉంటుంది, అంతే.

అపోహ: నీళ్లు ఆపితే ఎక్కడైనా నోబిలే పూస్తుంది.

నోబిలేకు ఎండుదనంతో పాటు చల్లని రాత్రులు, సుమారు 10 నుంచి 15 డిగ్రీల మధ్య, కొన్ని వారాల పాటు కావాలి. అరకు వంటి కొండప్రాంతాల్లో అది సులువు. హైదరాబాదులో చలి బాగా ఉన్న ఏడు సాధ్యమే. విజయవాడ, కాకినాడల్లో మాత్రం ఏటా నిరాశే మిగలవచ్చు. కోస్తాలో ఉన్నవారు ఎఫిల్లం, అనోస్మం ఎంచుకోవడం తెలివైన పని. నర్సరీలో మొక్క అమ్మేవారు ఈ తేడా సాధారణంగా చెప్పరు.

అపోహ: డెండ్రోబియం ఏదైనా చలికాలంలో ఎండబెట్టాలి.

పూల దుకాణాల్లో కనిపించే, పొడవాటి కాడ కొసన ఊదా లేదా తెల్లని గుత్తులు పూసే సంకర రకాలకు ఇది వర్తించదు. అవి వెచ్చదనాన్ని, క్రమమైన నీటిని కోరుతాయి. చలికాలంలో వాటికి నీరు కొద్దిగా తగ్గిస్తే చాలు, పూర్తిగా ఆపకూడదు.

అపోహ: కొత్త పిలక కనబడగానే నీళ్లు పోయాలి.

పిలక మొదట పాత కాడ దాచుకున్న ఆహారంతోనే పెరుగుతుంది. వేర్లు రాకముందు నీళ్లు పోస్తే, ఆ నీరు లేత ఆకుల మొదట్లో నిలిచి పిలకే కుళ్లిపోతుంది. కొత్త వేర్లు స్పష్టంగా కనబడి సాగిన తరువాతే మొదలుపెట్టాలి. ఇదే విధంగా ఆకు రాల్చే కేటసేటం అనే మరో జాతి ఆర్కిడ్లకు వేర్లు 8 నుంచి 10 సెంటీమీటర్ల దాకా పెరిగేవరకు ఆగడం క్షేమం. కుండీ మార్చవలసి ఉంటే, కొత్త వేర్లు అప్పుడే మొలకెత్తుతున్న సమయంలో, అవి పొడవు కాకముందే మార్చాలి. అవి సాగాక మార్చితే లేత వేరుకొనలు విరిగిపోతాయి.