90, 99 నిమిషాల సీడీలు: పొడవాటి మిక్స్ బర్న్ చేసేవాళ్లకు అపోహలు - వాస్తవాలు

మిక్స్ (ఆపకుండా కలిపిన పాటల వరుస) 87 నిమిషాలుంది, ఒక్క సీడీలో పట్టాలి, మధ్యలో తెగకూడదు. ఈ ఇబ్బంది డీజేలకే కాదు, సీ-90 (90 నిమిషాల) క్యాసెట్లలోని హరికథలు, పద్యనాటకాలు సీడీకి ఎక్కించేవాళ్లకూ ఉన్నదే. దానికి అందరూ చెప్పే మందు "99 నిమిషాల సీడీ కొను". ఆ సీడీ సంగతి చూసే ముందు, అది అసలు అవసరమా అన్నది తేల్చుకోవాలి. చాలాసార్లు అక్కర్లేదు.

అపోహ: వేవ్ ఫైలు (కుదించని ఆడియో ఫైలు) 800 ఎంబీ ఉంది కాబట్టి 700 ఎంబీ సీడీలో పట్టదు.

పడుతుంది. సీడీలో సెకనుకు 75 సెక్టార్లు, అంటే చిన్న చిన్న గదులు. డేటా రాసేటప్పుడు ఒక్కో సెక్టారులో 2048 బైట్లే మనకు దక్కుతాయి, మిగతా చోటు అదనపు తప్పుల సవరణకు పోతుంది. ఆడియో రాసేటప్పుడు ఆ అదనపు పొర ఉండదు కాబట్టి 2352 బైట్లూ పాటకే. అందుకే కవరు మీద 700 ఎంబీ అని ఉన్న 80 నిమిషాల సీడీలో 807 ఎంబీ వేవ్ ఫైలు నిక్షేపంగా పడుతుంది. అదే ఫైలు 24 బిట్‌లోనో 48 కిలోహెర్ట్జ్‌లోనో ఉంటే సైజు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది, కానీ సీడీకి వెళ్లేటప్పుడు 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌కు మారక తప్పదు. ఎంబీలు మర్చిపోయి నిమిషాలు చూడండి. 79 నిమిషాల 50 సెకన్లలోపు ఉంటే మామూలు సీడీ చాలు.

ఎంపీ3గా మార్చి ఆడియో సీడీ చేస్తే ఎక్కువ పడుతుందన్నది దీని తమ్ముడు. బర్నింగ్ సాఫ్ట్‌వేర్ ఆ ఎంపీ3ని మళ్లీ విప్పి పూర్తి సైజులోనే రాస్తుంది. నిమిషాలు తగ్గవు, నాణ్యత మాత్రం తగ్గుతుంది.

అపోహ: కవరు మీద 99 నిమిషాలు అని ఉంటే డ్రైవ్‌కూ అంతే కనిపిస్తుంది.

అసలు చిక్కంతా ఇక్కడే. ఖాళీ సీడీలోని గాడిలోనే ఏటీఐపీ అనే సమయ సంకేతం ముద్రించి ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు రాయాలి అన్నది డ్రైవ్ అక్కడే చదువుతుంది. ఈ పద్ధతిలో 80 దాటిన నిమిషాలను లోపలి అంచుకు, అంటే పాటకు ముందుండే లీడ్-ఇన్‌కు కేటాయించారు. సీడీల తయారీ సంస్థ మోజర్ బేర్ వాటిలో లీడ్-ఇన్ మొదలు 97:17:06 (నిమిషాలు, సెకన్లు, సెకనులో 75వ వంతులు), మరో సంస్థ తైయో యుడెన్ వాటిలో 97:24:01. అక్కణ్నుంచి 99:59:74 దాకా లెక్క నడిచి, సున్నాకు వచ్చాక పాట మొదలవుతుంది. బయటి అంచును 99వ నిమిషం దాకా సాగదీస్తే అక్కడా అవే అంకెలు వస్తాయి. తాను లోపల ఉన్నానో బయట ఉన్నానో డ్రైవ్‌కు తెలియదు.

అందుకే 99 నిమిషాల సీడీల్లో చాలావాటికి ఏటీఐపీలో దాదాపు 79:59 అనే ఉంటుంది. 90 నిమిషాల వాటిలో కొన్ని నిజం చెబుతాయి, కొన్ని ఇవీ 80 అనే చెబుతాయి. సీడీ పెట్టి ఇమ్గ్‌బర్న్ అనే బర్నింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే కుడివైపు పలకలో "లాస్ట్ పాసిబుల్ స్టార్ట్ టైమ్ ఆఫ్ లీడ్-అవుట్" అన్న వరుస ఉంటుంది. చూడాల్సింది అదే, పాట ఎంతవరకు వెళ్లొచ్చో అది చెబుతుంది. లైనక్స్‌లో అయితే సీడీరికార్డ్ అనే ప్రోగ్రామ్‌లోని ఏటీఐపీ ఆప్షన్ ఇదే వివరం ఇస్తుంది.

దీనివల్ల కొనేటప్పుడు ఒక గొడవ. మామూలు 80 నిమిషాల సీడీకి 99 స్టిక్కరు వేసి అమ్మినా ఏటీఐపీ చూసి పట్టుకోలేం, అసలుదీ 80 అనే చెబుతుంది కాబట్టి. 2015 చివర్లో తైయో యుడెన్ ఈ వ్యాపారం వదిలేసింది, 2018లో మోజర్ బేర్ లిక్విడేషన్‌కు వెళ్లింది. ఎక్కువ నిమిషాలవి ఇప్పుడు దొరికితే పాత స్టాకే అనుకోవాలి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా ఆన్‌లైన్‌లో అడిగినా "900 ఎంబీ ఉందా" అనకండి, "90 నిమిషాలా, 99 నిమిషాలా" అని అడగండి. లెక్క ప్రకారం 90 నిమిషాలది 791 ఎంబీ, 99ది 870 ఎంబీ. 900 అన్నది అమ్మేవాళ్లు పైకి సవరించిన అంకె. యాభై సీడీల డబ్బా ఒకేసారి కొనొద్దు. రెండు మూడు తెచ్చి పరీక్షించాకే మిగతావి.

అపోహ: ఓవర్‌బర్న్ టిక్ పెడితే చాలు.

ఓవర్‌బర్న్ అంటే ఏటీఐపీ చెప్పిన హద్దు దాటి రాయడం; 80 అని చెప్పే 99 సీడీకి ఇదే దారి. డిస్క్-ఎట్-వన్స్ (సీడీ మొత్తాన్ని ఆపకుండా ఒకేసారి రాయడం) లేకుండా దాని జోలికి పోవద్దు. డిస్క్-ఎట్-వన్స్‌లో విషయసూచిక, అంటే లీడ్-ఇన్, ముందే రాసేస్తుంది. చివర్లో చోటు చాలక ఎర్రర్ వచ్చినా సీడీ చాలావరకు పాడుతుంది. ట్రాక్-ఎట్-వన్స్‌లో (ఒక్కో ట్రాక్‌ను విడిగా రాసే పద్ధతిలో) లీడ్-ఇన్ ఆఖరున వస్తుంది. అక్కడ తప్పితే విషయసూచికే ఉండదు, సీడీ చెత్తబుట్టకే.

నీరో అనే బర్నింగ్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లలో ఆప్షన్లలోకి వెళ్లి ఎక్స్‌పర్ట్ ఫీచర్స్‌లో ఓవర్‌బర్న్ ఆన్ చేసి, గరిష్ఠ నిమిషాలు విడిగా ఇవ్వాలి. ఇమ్గ్‌బర్న్ అయితే చోటు చాలదని చెప్పి, ఓవర్‌బర్న్ చేయమంటారా అని తనే అడుగుతుంది. ఇవన్నీ చేసినా డ్రైవ్ ఫర్మ్‌వేర్ (దాని లోపలి సొంత ప్రోగ్రామ్) ఒప్పుకోకపోతే మొదటి నిమిషంలోనే తిరస్కరిస్తుంది. దానికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు, వేరే డ్రైవ్ వెతుక్కోవడమే.

మామూలు 80 నిమిషాల సీడీ కూడా ఓవర్‌బర్న్‌తో 81 దాటి వెళ్తుంది. పాట తర్వాత రావాల్సిన ఒకటిన్నర నిమిషం లీడ్-అవుట్‌ను తినేసి ఆ చోటు ఇస్తుందంతే. మిక్స్ 80 నిమిషాల 40 సెకన్లుంటే 99ల వేట మాని ఇది ప్రయత్నించండి.

రాసే వేగం 8ఎక్స్ (పాడే వేగానికి 8 రెట్లు) లేదా 16ఎక్స్ పెట్టండి. 48ఎక్స్ పెడితే ఆ గరిష్ఠ వేగం సరిగ్గా బయటి అంచు దగ్గరే అందుతుంది. మన సీడీలో బలహీనమైన చోటూ అదే.

అపోహ: సిమ్యులేషన్ పాసైంది, కంప్యూటర్‌లో పాడింది, ఇక ఎక్కడైనా పాడుతుంది.

సిమ్యులేషన్ అంటే ఉత్తుత్తి బర్న్, అందులో లేజర్ రాతబలంతో వెలగదు. గాడి ఎంతదూరం ఉందో, డ్రైవ్ ఒప్పుకుంటుందో తెలుస్తుంది. రాత ఎలా పడుతుందో తెలియదు.

ప్లేయర్ల సంగతికొస్తే, ప్రమాణం ప్రకారం గాడికీ గాడికీ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, 0.1 మైక్రోమీటరు అటూఇటూ పోవచ్చు. 80 నిమిషాల సీడీయే ఆ కింది అంచున, 1.5 దగ్గర ఉంటుంది. 90, 99 సీడీలు దాన్నీ దాటి గాడులను దగ్గరగా ఇరికిస్తాయి. కొత్త లెన్సున్న ప్లేయర్ తట్టుకుంటుంది. పదేళ్లు దుమ్ము తిన్న కారు స్టీరియో 70వ నిమిషం దాకా బాగానే పాడి, ఆ తర్వాత గాడి తప్పి టకటకలాడుతుంది. అందుకే మొదటి పాట విని సంతోషపడొద్దు. చివరి ట్రాక్‌కు నేరుగా దూకించండి, అక్కణ్నుంచి వెనక్కి రివైండ్ చేయండి, ఆఖరి అయిదు నిమిషాలూ ఆపకుండా వినండి. ఏ ప్లేయర్‌లో వాడతారో దాంట్లోనే.

మా లెక్కలో 90 నిమిషాల సీడీ తెలిసిన ప్లేయర్‌కు పనికొస్తుంది. 99 జూదం. ఏ పొడవైన సీడీనీ మాస్టర్ కాపీగా దాచొద్దు, వేవ్ ఫైలు హార్డ్ డిస్క్‌లో ఉండాల్సిందే. ఊళ్లో పదిమందికి పంచే సీడీ అయితే 80 దాటకండి.

అపోహ: "మ్యూజిక్" అని రాసున్న సీడీ-ఆర్‌లో శబ్దం బాగుంటుంది.

లేదు. టేప్‌డెక్‌లా విడిగా వచ్చే ఇంటి సీడీ రికార్డర్లు ఆ గుర్తు ఉన్న సీడీలనే తీసుకుంటాయి. కంప్యూటర్‌కు ఆ తేడా పట్టదు.

అపోహ: మోనో రికార్డింగ్ అయితే రెట్టింపు నిమిషాలు పడతాయి.

నేరుగా పట్టవు. ఆడియో సీడీ ఎప్పుడూ రెండు చానళ్లే, మోనో ఇస్తే రెండింట్లోనూ ఒకటే రాస్తుంది. అయితే పాత హరికథ మోనోలోనే ఉంటే ఒక కిటుకుంది. మొదటి 80 నిమిషాలు ఎడమ చానల్‌లో, తర్వాతి 80 కుడి చానల్‌లో పెట్టి ఒకే స్టీరియో ఫైలు చేయండి. బ్యాలెన్స్ ఒక పక్కకు పూర్తిగా తిప్పితే మొదటి భాగం, ఇంకో పక్కకు తిప్పితే రెండోది. బ్యాలెన్స్ లేని ఒంటి స్పీకర్ సెట్‌లో మాత్రం రెండూ కలిసి గందరగోళమే.

అపోహ: రెండు సీడీలుగానో ట్రాకులుగానో విడగొడితే చప్పుడు, ఖాళీ తప్పవు.

కోత ఎక్కడ పడిందన్నదే ప్రశ్న. ఒక సెక్టారుకు 588 శాంపిళ్లు (శబ్దం కొలతలు). ఆ హద్దు మధ్యలో కోస్తే మిగిలిన చోటును సాఫ్ట్‌వేర్ సున్నాలతో నింపుతుంది, అదే "టక్" అని వినిపించేది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సమయం చూపే పద్ధతిని 75 ఎఫ్‌పీఎస్ సీడీడీఏ ఫ్రేములకు మార్చి, స్నాప్ ఆన్ చేసి కోయండి. ఇంకా తేలిక, కోయకుండా ఒకే వేవ్ ఫైలుకు క్యూ షీట్ (ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే టెక్స్ట్ ఫైలు) రాసి ట్రాక్ గుర్తులు మాత్రం పెట్టడం. డిస్క్-ఎట్-వన్స్‌లో ట్రాకుల మధ్య గ్యాప్ సున్నా చేయడం మరిచిపోవద్దు.

82 నిమిషాలదాన్ని కుదించాలంటే ఆడాసిటీలో చేంజ్ టెంపో 2.71 శాతం పెంచితే 79:50కి వస్తుంది, శ్రుతి మారదు. చేంజ్ స్పీడ్ వాడితే శ్రుతి దాదాపు అర స్వరస్థానం పైకెళ్తుంది. డాన్స్ మిక్స్‌లో ఎవరూ పట్టించుకోకపోవచ్చు, పద్యం తెలిసినవాడు రాగం ఎత్తుకోగానే పట్టేస్తాడు.

ప్లేయర్ ఎంపీ3 చదివేదైతే ఈ తంటాలేవీ అక్కర్లేదు. 87 నిమిషాల మిక్స్ 320 కేబీపీఎస్‌లో సుమారు 209 ఎంబీ, మామూలు సీడీలో అలాంటివి మూడు పడతాయి. బిట్‌రేటు స్థిరంగా ఉండేదే ఎంచుకోండి. వేరియబుల్ పెడితే పాత స్టీరియోలు సమయం తప్పుగా చూపిస్తాయి. ఫైలు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, పొట్టిగా ఉంచండి, తెలుగు లిపిలో పెడితే చాలా కారు స్టీరియోల తెర మీద గళ్లో గీతలో కనిపిస్తాయి.