ఏడు ఎన్నికలు, మూడు గుర్తింపులు: ఫ్లోరిడాలో చార్లీ క్రిస్ట్

అమెరికాలోని ఫ్లోరిడాలో రాష్ట్రమంతా ఓటు వేసే పదవుల కోసం రాజకీయ నాయకుడు చార్లీ క్రిస్ట్ 1998 నుంచి 2022 వరకు ఏడుసార్లు పోటీచేసి, మూడుసార్లు గెలిచి నాలుగుసార్లు ఓడారు. ఆ మూడు గెలుపులూ ఆయన రిపబ్లికన్‌గా ఉన్నప్పుడు వచ్చినవే.

రాష్ట్ర సెనేటర్‌గా ఉంటూ 1998లో అమెరికా సెనేట్‌కు పోటీచేసిన ఆయన, డెమొక్రాట్ బాబ్ గ్రాహం చేతిలో చిత్తుగా ఓడారు. ఆ తర్వాత 2000లో విద్యా కమిషనర్‌గా, 2002లో అటార్నీ జనరల్‌గా, 2006లో 52 శాతం ఓట్లతో గవర్నర్‌గా వరుసగా గెలిచారు. శిక్ష పూర్తిచేసుకున్న వారిలో చాలామందికి ఓటు హక్కు తిరిగి దక్కే దారిని 2007లో సులభం చేయడమే ఆయన పాలనలో అన్నిటికన్నా విలువైన పని అని నా అభిప్రాయం. 2011లో ఆయన తర్వాత గవర్నర్ అయిన రిక్ స్కాట్ ప్రభుత్వం ఆ దారిని మళ్లీ మూసేసింది.

2009 ఫిబ్రవరిలో ఫోర్ట్ మయర్స్ సభావేదికపై, ఆర్థిక ఉద్దీపన పథకాన్ని సమర్థిస్తూ ఆయన అధ్యక్షుడు ఒబామాను కౌగిలించుకున్నారు. రెండోసారి గవర్నర్ పదవికి పోటీచేసే అవకాశాన్ని వదులుకుని ఆయన సెనేట్ బరిలో దిగినప్పుడు, సొంత పార్టీలో ఆయనకు పోటీగా నిలిచిన మార్కో రూబియో వర్గానికి ఆ కౌగిలింతే ఆయుధమైంది. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఓటమి ఖాయమని తేలాక 2010 ఏప్రిల్‌లో పార్టీ వీడి, స్వతంత్రుడిగా దాదాపు 30 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. డెమొక్రాట్ కెండ్రిక్ మీక్‌కు 20 శాతం పడగా, 49 శాతంతో రూబియో గెలిచారు.

2012 డిసెంబరులో డెమొక్రాటిక్ కండువా కప్పుకున్న క్రిస్ట్, 2014లో గవర్నర్ పదవికి స్కాట్‌పై పోటీచేశారు. ఆ అక్టోబరులో జరిగిన చర్చలో, క్రిస్ట్ నిలబడిన బల్ల కింద చిన్న ఫ్యాన్ ఉందన్న అభ్యంతరంతో స్కాట్ కొన్ని నిమిషాలు వేదికపైకే రాలేదు. దాదాపు 60 లక్షల ఓట్లు పోలైన ఆ ఎన్నికలో క్రిస్ట్ 64 వేల తేడాతో ఓడారు. ఒక్క శాతం దూరంలో చేజారిన ఈ ఓటమే నాకు అన్నిటికన్నా బాధాకరంగా అనిపిస్తుంది.

2016లో అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికైన ఆయన, 2022లో ఆ పదవికి రాజీనామా చేసి మళ్లీ గవర్నర్ పదవికి నిలబడ్డారు. అప్పటి రిపబ్లికన్ గవర్నర్ రాన్ డిశాంటిస్ దాదాపు 19 శాతం ఆధిక్యంతో గెలిచిన ఆ ఎన్నికలో, క్రిస్ట్ సొంత ఊరు సెయింట్ పీటర్స్‌బర్గ్ ఉన్న పినెల్లస్ కౌంటీ కూడా డిశాంటిస్‌కే మొగ్గింది.