రీల్స్ మీద తెలుగు అక్షరాలు: నల్లగొండ షాపులో నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నల్లగొండలో గడియారం సెంటర్‌కు దగ్గర్లోనే మా డిజైనింగ్ షాపు. మొదట్లో ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు, కరపత్రాలు ఇవే పని. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు, జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మొదలైంది. ఇక అక్కడి నుంచి ఫ్లెక్సీ కోసం వచ్చినవాళ్లే "అన్నా, దీన్నే ఒక రీల్ చేసియ్యవా" అని అడుగుతున్నారు. ఇప్పుడు నా టైమంతా చిన్న వీడియోల మీద అక్షరాలు వేయడానికే పోతోంది. ఈ పనిలో రోజూ వినే కొన్ని మాటలున్నాయి, వాటికి ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పేకంటే ఒకచోట రాసి పెడదామనిపించింది.

అపోహ: "వీడియో మీద ఎంత ఎక్కువ రాస్తే జనానికి అంత సమాచారం చేరుతుంది."

అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇదే. ఇది ఫ్లెక్సీ నుంచి వచ్చిన అలవాటు. ఫ్లెక్సీ కదలదు, చూసేవాడు కావాలంటే నిలబడి రెండుసార్లు చదువుకుంటాడు. రీల్‌లో బొమ్మ కదులుతుంటుంది, పాట పోతుంటుంది, చూసేవాళ్ల బొటనవేలు పైకి తోయడానికి రెడీగా ఉంటుంది.

మొన్న ఆషాఢంలో ఒక చీరల షాపాయన వచ్చాడు. 15 సెకన్ల వీడియో. గద్వాల చీర అంచు, జరీ మెరుపు చాలా బాగా తీశారు. దాని మీద ఆయన రాసి తెచ్చిన కాగితంలో షాపు పేరు, ఆఫర్ శాతం, మూడు రకాల చీరల ధరలు, ఆఫర్ ఎప్పటిదాకా, ఎదురుగా ఉన్న బ్యాంకు పేరుతో సహా అడ్రసు, రెండు ఫోన్ నంబర్లు ఉన్నాయి. "సార్, ఇదంతా మీరే పైకి చదవండి, నేను టైం చూస్తాను" అన్నాను. 31 సెకన్లు పట్టింది, అదీ తాను రాసిన కాగితం తానే చదివితే. కొత్తవాళ్లకు ఇంకా ఎక్కువ పడుతుంది. చివరికి మూడు మాటలు ఉంచాం: మొదట చీర పేరు, మధ్యలో ధర, చివర్లో షాపు పేరూ సెంటరూ. మిగతాదంతా వీడియో కింద రాసే వివరణలోకి పంపించాం. ఫోన్ నంబరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి: వీడియో మీద ముద్రపడిన నంబరును ఎవరూ నొక్కి కాల్ చేయలేరు, పది అంకెలు గుర్తుపెట్టుకుని డయల్ చేసే ఓపిక ఎవరికీ ఉండదు. ప్రొఫైల్‌లో కాల్ బటన్ పెట్టుకోండి, అది పనికొస్తుంది.

నేను పాటించే కొలత ఒకటే. తెర మీద ఉన్న మాటను నేను తొందరపడకుండా పైకి చదివి, ఇంకో అర సెకను ఆగేంతసేపు అది ఉండాలి. ఒక్కో తెరకు ఐదారు మాటలు దాటకూడదు, రెండు వరుసలు దాటకూడదు. సినిమాలకు, సిరీస్‌లకు సబ్‌టైటిల్స్ రాసేవాళ్లకు నెట్‌ఫ్లిక్స్ పెట్టిన నియమాల్లో కూడా ఒకసారికి రెండు వరుసలే, ఎక్కువలో ఎక్కువ 7 సెకన్లే. ఇంట్లో కుదురుగా కూర్చుని సినిమా చూసేవాళ్లకే అంత జాగ్రత్త తీసుకుంటే, బస్సులో నిలబడి రీల్ చూసేవాళ్లకు మనం ఎంత తీసుకోవాలి?

అపోహ: "ఏ ఫాంట్‌లో కొట్టినా తెలుగు తెలుగే కదా."

కాదు. మన దగ్గర డీటీపీ చేసేవాళ్లలో చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లలోనే కొడతారు, నేనూ అందులోనే పని నేర్చుకున్నాను. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చినవి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెలుగులా కనిపిస్తుంది, అదే మాటను కాపీ చేసి ఫోన్‌లోని వీడియో యాప్‌లో పేస్ట్ చేస్తే అర్థంపర్థం లేని గుర్తులు వస్తాయి. పెళ్లి కార్డు మ్యాటర్‌ను యథాతథంగా వాట్సాప్‌లో పంపి "దీన్నే రీల్‌లో పెట్టు తమ్మీ" అనేవాళ్లకు నేను చెప్పేది, ముందు యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్ అయినా తెలుగు అక్షరాలుగానే గుర్తించే పద్ధతిలోకి, మార్చుకోవాలి అని. మార్చాక కూడా ఒకసారి కళ్లతో చదవాలి, ఎందుకంటే మార్పిడిలో ఒత్తులు, అరసున్నలు తారుమారవుతుంటాయి.

యూనికోడ్‌లో ఉన్నా ఇంకో చిక్కుంది. సాఫ్ట్‌వేర్‌కు ఒత్తులు కూర్చడం రావాలి. అది రాకపోతే "స్వాగతం" కాస్తా పొల్లు సకారం, పక్కన "వాగతం" అయి కూర్చుంటుంది. వీడియోలు ఎడిట్ చేసే ప్రీమియర్ ప్రోలో అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ అనే చోట టెక్స్ట్ ఇంజన్‌ను సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కు మార్చాలి. ఫొటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. రెండు నిమిషాల పని. ఇది తెలియక ప్రతి మాటనూ బొమ్మగా సేవ్ చేసి అతికించుకునే ఎడిటర్లను చూశాను, వాళ్ల కష్టం చూస్తే బాధేస్తుంది.

ఫాంట్ల కోసం డబ్బు పెట్టక్కర్లేదు, దొంగ కాపీలూ అక్కర్లేదు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలా ఉన్నాయి, వ్యాపారానికి కూడా ఉచితంగా వాడుకోవచ్చు. పెద్ద హెడ్డింగుకు నేను రామభద్ర వాడతాను, ఒళ్లున్న అక్షరం, చిన్న తెర మీద నిలబడుతుంది. చదివించే మాటలకు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ. వాటిలోనే సురవరం అని ఒక ఫాంటుంది, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద పెట్టిందే. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులను ఒక్కచోట అచ్చేసి 1934లో జవాబు చెప్పిన మనిషి. మా షాపులో జిల్లా చరిత్ర మీద ఏ వీడియో చేసినా హెడ్డింగ్ ఆ ఫాంట్‌లోనే వేస్తాను, అది నాకొక తృప్తి.

అపోహ: "అక్షరాలు ఒక్కొక్కటిగా టైపవుతూ వస్తే ప్రొఫెషనల్‌గా ఉంటుంది."

ఇంగ్లిష్‌కు ఉంటుంది. తెలుగుకు ఆ ఎఫెక్టు పెట్టి, ఒకసారి వీడియోను మెల్లగా నడిపి చూడండి. "నల్లగొండ" తీసుకుందాం. మన కంటికి అవి నాలుగే అక్షరాలు: న, ల్ల, గొం, డ. కంప్యూటర్ లోపల మాత్రం ఎనిమిది ముక్కలు: న, ల, పొల్లు, ఇంకో ల, గ, దాని మీద ఒత్వం, సున్న, డ. టైప్‌రైటర్ ఎఫెక్టు ఈ ఎనిమిదింటినీ వరుసగా విప్పుతుంది. దాంతో ముందు "నల" వస్తుంది, తర్వాత "నల్" అవుతుంది, ఆ తర్వాత ఆ పొల్లు మాయమై కింద ఒత్తు దిగుతుంది, "గ" వచ్చి మళ్లీ "గొ"గా మారుతుంది. చదివేవాళ్ల కన్ను ప్రతి ముక్క దగ్గరా తడబడుతుంది. "స్త్రీ", "లక్ష్మి" లాంటి మాటలైతే చూడలేం. మాట మొత్తం ఒకేసారి రానివ్వండి, లేదా మాట తర్వాత మాట రానివ్వండి. అక్షరాన్ని మాత్రం విరగ్గొట్టొద్దు.

ఇదే కోవలో ఇంకోటి. రెడీమేడ్ టెంప్లేట్లలో వరుసల మధ్య ఖాళీ ఇంగ్లిష్‌కు సరిపోయేలా పెడతారు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, కొన్నిచోట్ల ఒత్తు కింద ఇంకో ఒత్తు. పై వరుసలో "రాష్ట్రం" ఉండి కింద "శ్రీ" వస్తే పై ఒత్తులు వచ్చి కింది గుడి మీద పడతాయి. వరుసల ఖాళీని అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఉంచుతాను నేను. అక్షరాల మధ్య దూరాన్ని మాత్రం అస్సలు ముట్టుకోను, చాలా యాప్‌లలో దాన్ని పెంచితే ఒత్తు తల్లి అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతుంది.

అపోహ: "సినిమాలో లాగా అట్టడుగున పెడితేనే బాగుంటుంది."

రీల్ తెర 1080 అడ్డం, 1920 నిలువు. అందులో అడుగు భాగమంతా అకౌంట్ పేరు, వివరణ, పాట పేరు ఆక్రమిస్తాయి. కుడి పక్కన లైక్, కామెంట్, షేర్ బటన్లుంటాయి. రీల్స్‌లో వచ్చే యాడ్స్‌కు ఇన్‌స్టాగ్రామ్ కంపెనీ అయిన మెటా చెప్పే లెక్క ప్రకారం పైన 14 శాతం, కింద 35 శాతం, రెండు పక్కలా 6 శాతం చొప్పున ఖాళీ వదలాలి. మన మామూలు వీడియోలకూ అదే మంచి లెక్క. అంటే కింద సుమారు 670 పిక్సెళ్లు వదిలేయాలి. ఒక స్కూల్ అడ్మిషన్ల వీడియోలో "చివరి తేదీ" అన్న మాట సరిగ్గా వివరణ వెనకాల పడింది. తేదీ కనిపించక ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు. ఎడిట్ చేసే కంప్యూటర్‌లో ఆ బటన్లు కనిపించవు కాబట్టి మనకు తెలియదు. కవర్ బొమ్మ సంగతీ చూసుకోండి. 2025 నుంచి ఇన్‌స్టా ప్రొఫైల్‌లో గళ్లు 3:4 కొలతకు మారాయి, అంటే మన కవర్‌లో పైన 240, కింద 240 పిక్సెళ్లు తెగిపోతాయి.

అపోహ: "ఎర్రగా, పచ్చగా కొట్టొచ్చినట్టుండాలి."

చెరువుగట్టు జాతర వీడియో ఒకటి చేశాను. జనం, పసుపు, కుంకుమ, తెర నిండా రంగులే. చేయించినాయన ఎర్ర అక్షరాలే కావాలని పట్టుబట్టాడు. కంప్యూటర్‌లో బాగానే ఉంది. అప్‌లోడయ్యాక చూస్తే అక్షరాల అంచులు తడిసిన గోడ మీద రంగు జారినట్టున్నాయి.

దానికి కారణముంది. వీడియోను చిన్న ఫైలుగా కుదించేటప్పుడు వెలుగునీడల వివరం ప్రతి పిక్సెల్‌కూ దాస్తారు, రంగు వివరం మాత్రం మామూలుగా నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకటే దాస్తారు. కాబట్టి అక్షరానికీ వెనకున్న బొమ్మకూ మధ్య తేడా రంగులోనే ఉంటే అంచు చెదిరిపోతుంది. తేడా వెలుగులో ఉంటే, అంటే నలుపు మీద తెలుపో, ముదురు నీలం మీద లేత పసుపో అయితే, ఎంత కుదించినా నిలబడుతుంది. వెబ్‌సైట్ల ప్రమాణాల్లో మామూలు అక్షరానికి కనీసం 4.5:1, పెద్ద అక్షరానికి 3:1 వెలుగు తేడా ఉండాలంటారు, వీడియోకూ నేను అదే పట్టుకుంటాను. అక్షరాల వెనక సగం పారదర్శకంగా ఉండే నల్ల పట్టీ వేస్తే సగం సమస్యలు పోతాయి. చుట్టూ మందంగా గీత వేయడం వద్దు, మన గుండ్రటి అక్షరాల లోపలి ఖాళీ పూడిపోయి "ప", "వ" ఒకటే అయిపోతాయి.

మెరిసే అక్షరాల గురించి ఒక్క మాట: సెకనుకు మూడుసార్లకు మించి మెరిపించకండి. మూర్ఛ ఉన్నవాళ్లకు అది ప్రమాదం.

అపోహ: "ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తే అందరూ చదువుతారు."

"పాత పాట" అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. రెండు మాటలూ ఒకేలా వస్తాయి. కల, కళ కూడా అంతే. చదివేవాళ్లు ఆగి, వెనక్కి వెళ్లి అర్థం చేసుకోవాలి, అంత టైం రీల్‌లో లేదు. మా అమ్మ ఏడో తరగతి చదివింది, తెలుగు గడగడా చదువుతుంది, ఇంగ్లిష్ అక్షరాల తెలుగు చదవలేదు. బత్తాయి కొనేది, చీర కొనేది, పిల్లల్ని బడికి పంపేది మా అమ్మలాంటివాళ్లే.

అపోహ: "ఆటో క్యాప్షన్ ఉందిగా, మనం రాయడమెందుకు?"

ఆటో క్యాప్షన్ అంటే మాటలు విని మెషీనే అక్షరాలు రాసి పెట్టడం. దాన్ని చిత్తుప్రతిగా వాడండి, నేనూ వాడతాను. కానీ దిద్దకుండా వదలొద్దు. ఒక బత్తాయి రైతు తన తోటలో నిలబడి మాట్లాడిన వీడియో వచ్చింది. "పొద్దుగాల కాయ తెంపినం, టన్నుకు ఇరవై ఐదు అన్నరు" అన్నాడాయన. మెషీన్ "కాయ తెంపినం"ను "కాయితం పిన్నం" అని రాసింది. పైగా "25" అని అంకె వేసి వదిలేసింది. ఆ రైతుకూ వ్యాపారికీ ఇరవై ఐదంటే ఇరవై ఐదు వేలు. చూసేవాళ్లకు అది 25 రూపాయలు. నేను "టన్నుకు 25 వేలు" అని దిద్దాను.

ఆ వీడియో చేయించిన కుర్రాడు "అన్నా, తెంపినం అని ఎందుకు, తెంపాము అని పెట్టు, బాగుంటది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆయన నోట "తెంపినం" అని వినిపిస్తుంటే కింద "తెంపాము" అని కనిపిస్తే చెవీ కన్నూ రెండు దారుల్లో పోతాయి, చదవడం కష్టమవుతుంది. అది పని పరంగా కారణం. ఇంకో కారణం, ఆయన మాట తప్పేం కాదు. తప్పు కానిదాన్ని దిద్దితే, నీకు మాట్లాడడం రాదని ఆయన మొహం మీదే చెప్పినట్టు. ధర, తేదీ, మందు మోతాదు లాంటివి స్పష్టంగా విప్పి రాయాలి, మనిషి మాటను మాత్రం మనిషి మాటలాగే ఉంచాలి. చెవులు వినపడనివాళ్లకు ఆ అక్షరాలే గొంతు, ఆయన ఎలా మాట్లాడాడో వాళ్లకూ తెలియాలి కదా.

చివరగా పని అప్పజెప్పే ముందు నేను చేసే పరీక్ష చెబుతాను. వీడియోను ఫోన్‌లోకి పంపుకుంటాను, వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గానే, లేకపోతే అక్షరాల అంచులు నలిగిపోతాయి. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, సౌండ్ తీసేసి, షాపు బయట ఎండలోకి వెళ్లి చెయ్యి చాచి పట్టుకుని చూస్తాను. ఆ రైతు వీడియోను అలా చూసినప్పుడే "25 వేలు" అన్నది ఆకుపచ్చ ఆకుల్లో కలిసిపోతోందని తెలిసింది. లోపలికొచ్చి నల్ల పట్టీ వేసి, అక్షరం ఇంకో రెండు సైజులు పెంచి, ఒక సెకను ఎక్కువ నిలిపి పంపించాను.