మొదటి నాలుగున్నర గంటలు ఇంటివాళ్లవి, ఆ తర్వాత?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా అనగానే బయటివాళ్లకు అడవి, మలేరియా, ఎన్‌కౌంటర్లు గుర్తొస్తాయి. అక్కడి పల్లెల్లో మనుషులు దేనితో ఎక్కువగా చనిపోతున్నారని అడిగితే వాటిలోనే ఏదో ఒకటి చెప్తారు. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1986లో మొదలుపెట్టిన ‘సర్చ్’ సంస్థ ఆ లెక్క తీసింది. 86 ఊళ్లలో చావు జరిగిన ప్రతి ఇంటికీ వెళ్లి, ఎట్లా పోయారో అడిగి, కారణం తేల్చారు. న్యూరాలజిస్టు యోగేశ్వర్ కల్కోండే బృందం 2015లో ప్రచురించిన ఆ అధ్యయనంలో మొదటి స్థానం పక్షవాతానిది. నూరు చావుల్లో 14 దానివల్లే. పోయినవాళ్లలో ఎక్కువమంది ఇంట్లోనే పోయారు.

ఆ ఊళ్లు జిల్లాలో ఉత్తరం వైపువి. దక్షిణం కొసన ఉన్న సిరోంచ, అంకీస, ఆసరెల్లి మనవాళ్లవి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పెద్ద జబ్బు చేస్తే గోదావరి దాటి తెలంగాణ. ఈ కొసన ఎవరైనా విడిగా లెక్క తీస్తే ఫలితం మరీ వేరుగా ఉంటుందని నేననుకోను. చూపించుకోని బీపీ ఇక్కడా ఉంది, పొగాకు, సుపారీ, సున్నం కలిపి నలిపే ఖర్రా ఇక్కడా ప్రతి కిరాణా కొట్లో దొరుకుతుంది.

లక్వా కొట్టింది, కాలూ చెయ్యీ పడిపోయినయి అని మనం చెప్పుకునేది రెండు వేర్వేరు ప్రమాదాల గురించి. ఎక్కువమందిలో మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడుతుంది. మిగతావాళ్లలో నాళం చిట్లి మెదడులో రక్తం కారుతుంది. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క బలం పోవడం రెండింట్లోనూ ఒకేలా కనిపిస్తాయి. ఎంత అనుభవమున్న డాక్టరైనా చూపుతో తేల్చలేడు, సీటీ స్కాన్ తీయాల్సిందే. 1971లో బ్రిటిష్ ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంలో మొదటి రోగి తల ఫొటో తీసేదాకా, బతికున్న మనిషిలో ఈ తేడా పట్టుకోవడం చాలా కష్టంగా ఉండేది.

అందుకే ఇంట్లో ఉన్న బీపీ మాత్ర నాలుక కింద పెట్టడం మంచి పని కాదు. 2024లో చైనా నుంచి ఇంటరాక్ట్-4 అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. పక్షవాతం అనుమానమున్న 2,404 మందిలో కొందరికి అంబులెన్సులోనే బీపీ తగ్గించారు, మిగతావాళ్లకు ఆస్పత్రికి చేరాక మామూలు పద్ధతిలో చూశారు. మొత్తం మీద తేడా ఏమీ కనిపించలేదు. విడదీసి చూస్తే రక్తస్రావం ఉన్నవాళ్లకు మేలు జరిగింది, గడ్డ ఉన్నవాళ్లకు కీడు జరిగింది. గడ్డ అడ్డుపడినప్పుడు పెరిగిన బీపీయే పక్క నాళాల గుండా కాస్త రక్తాన్ని నెడుతూ ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా దించితే ఆ ఆధారం కూడా పోతుంది. ఆస్పిరిన్ సంగతి దీనికి తలకిందులు: అది గడ్డకు మంచిదే, కారుతున్న నాళానికి ప్రమాదం. ఏ రకమో తెలియనప్పుడు రెండూ వద్దు. నోట్లో నీళ్లు కూడా పోయకూడదు. మింగే శక్తి పోయిన మనిషికి ఆ గుక్కెడు నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా తెస్తాయి.

గడ్డ అడ్డుపడ్డ మెదడు అంతా ఒకేసారి చావదు. కాలువకు అడ్డం పడినప్పుడు చివరి మడి ముందే ఎండిపోయి, పక్క మడులు ఊట నీటితో ఒకటి రెండు రోజులు పచ్చగా నిలిచినట్టు, నడిమి భాగం నిమిషాల్లో పోతుంది, చుట్టూ ఉన్న భాగం పని ఆపేసినా బతికే ఉంటుంది. చికిత్స అంతా ఆ చుట్టుపక్కల భాగం కోసమే. పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు పోతాయని అమెరికా న్యూరాలజిస్టు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టాడు. ఇది సగటు మాత్రమే. పక్క నాళాలు బాగున్నవాళ్లలో నెమ్మదిగా, లేనివాళ్లలో చాలా వేగంగా పోతాయి. మన మనిషి ఏ రకమో ఇంటి దగ్గర తెలిసే దారి లేదు.

గడ్డను కరిగించే ఆల్టెప్లేస్ ఇంజక్షన్ పనిచేస్తుందని 1995లో అమెరికాలో తేలింది. అప్పట్లో గడువు 3 గంటలు, 2008లో యూరప్ పరీక్ష దాన్ని నాలుగున్నరకు పెంచింది. ఎంత మేలు అన్నది జనానికి సరిగ్గా చెప్పరు. తొమ్మిది పరీక్షల్లోని 6,756 మంది వివరాలు కలిపి 2014లో చూశారు. 3 గంటల్లోపు ఇస్తే నూటికి 10 మంది అదనంగా దాదాపు మామూలు మనుషులయ్యారు. మూడు నుంచి నాలుగున్నర గంటల మధ్య ఇస్తే ఆ పది ఐదయింది. ఇంజక్షన్ వల్ల మెదడులో ప్రమాదకరంగా రక్తం కారడం నూటికి ఐదారుగురిలో ఎక్కువైంది. ఆ నష్టాన్ని కలుపుకున్నాకే ఈ మేలు. ఇది మాయమందు కాదు, కానీ ఇంత మేలు చేసే మందు అంతకుముందు లేదు.

ఇప్పుడు సిరోంచ నుంచి లెక్క వేయండి. గడ్చిరోలి జిల్లా ఆస్పత్రి దాదాపు 200 కిలోమీటర్లు, అదీ అడవి దారి. గోదావరి వంతెన దాటి వరంగల్ వెళ్తే 120 దాకా. భూపాలపల్లి, మంచిర్యాల ఇంకా దగ్గర. బండి దొరకడానికి అరగంట, దారిలో రెండు మూడు గంటలు, ఆస్పత్రిలో స్కాన్‌కు, డాక్టరు రావడానికి ఇంకో గంట. గడువు దాదాపు ఇక్కడికే అయిపోతుంది. పసరు పోయించుకోవడానికో, పావురం రక్తం రాయించుకోవడానికో మధ్యలో ఒక ఊళ్లో ఆగితే ఇక లెక్కే అక్కర్లేదు. ఆ పూత వల్ల ఒంటికి పెద్ద హాని ఉండకపోవచ్చు, కానీ ఒక పూట పోతుంది.

దగ్గరి ఆస్పత్రికా, సీటీ ఉన్న ఆస్పత్రికా అన్నది జబ్బు చేసిన రోజు తేల్చుకునే విషయం కాదు. ఇంట్లో బీపీ మనిషి ఉన్నవాళ్లు ముందే కనుక్కుని పెట్టుకోవాలి: రాత్రి పూట స్కాన్ ఎక్కడ పనిచేస్తుంది, గడ్డ కరిగించే ఇంజక్షన్ ఎక్కడ ఇస్తారు, పక్క రాష్ట్రంలో మన కార్డు చెల్లుతుందా. ఆస్పత్రిలో మొదట అడిగే ప్రశ్న కూడా తెలిసి ఉండాలి. జబ్బు ఎప్పుడు గమనించారని కాదు, చివరిసారి బాగుండగా ఎవరు, ఎన్ని గంటలకు చూశారని అడుగుతారు. రాత్రి 10కి బాగానే పడుకుని పొద్దున 5కి చెయ్యి లేవని మనిషికి గడియారం రాత్రి 10 నుంచే నడుస్తుంది. ఎమ్మారై లాంటి స్కాన్లతో ఇలాంటివాళ్లలో కొందరికి ఇప్పుడు చికిత్స ఇస్తున్నారు. అందుకని ఆలస్యమైందని తీసుకెళ్లడం మానకూడదు. పెద్ద నాళంలో గడ్డను తొడ దగ్గర నుంచి తీగ పంపి బయటికి లాగే పద్ధతి 2015 నుంచి నిలదొక్కుకుంది. తగిన రోగులను స్కాన్‌తో ఎంచితే 24 గంటల దాకా అది మేలు చేస్తుందని 2018లో తేలింది. అయితే దానికి హైదరాబాదో నాగ్‌పూరో వెళ్లాలి.

దూరపు ఊళ్లకు ఆశ ఇచ్చేవి రెండు ఉన్నాయి. ఒకటి టెనెక్టెప్లేస్, ఇదీ గడ్డ కరిగించే మందే. ఆల్టెప్లేస్‌ను గంటసేపు డ్రిప్పులో ఎక్కించాలి, దీన్ని ఒక్క పోటుతో ఇచ్చేసి రోగిని బండెక్కించవచ్చు. 2022లో కెనడాలో దాదాపు 1,600 మందిపై పోల్చి చూస్తే ఆల్టెప్లేస్‌కు ఏమీ తీసిపోలేదు. రెండోది హిమాచల్ ప్రదేశ్ చేసిన పని. అక్కడ సీటీ ఉన్న చిన్న ఆస్పత్రుల్లో మామూలు డాక్టర్లు స్కాన్ ఫొటోలు ఫోన్‌లో న్యూరాలజిస్టుకు పంపి, ఆయన చెప్పినట్టు ఇంజక్షన్ ఇచ్చారు. కొండల్లో అయినప్పుడు గోదావరి ఒడ్డున ఎందుకు కాకూడదో నాకు అర్థం కాదు.

ప్రాణం దక్కి ఇంటికి వచ్చాక కథ మారుతుంది. బోర్డర్ ఊళ్లలో ఫిజియోథెరపిస్టు అంటే భార్యో కోడలో. ఎత్తడం, తిప్పడం, కడగడం, తినిపించడం అన్నీ ఆమె పనే. మంచం మీద కదలని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే పుండ్లు పడతాయి. లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టుకుని లాగితే, కండరాల పట్టు లేని భుజం కీలు జారిపోతుంది. ఈ నొప్పి నెలల తరబడి ఉంటుంది, ఆ చేతికి వ్యాయామమే చేయనివ్వదు. ఎంత త్వరగా నడిపిస్తే అంత మంచిదన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. అవర్ట్ అనే పెద్ద పరీక్షలో 2,104 మందిని చూశారు. మొదటి 24 గంటల్లోనే మొదలుపెట్టి గట్టిగా, మాటిమాటికీ లేపినవాళ్లు మామూలుగా చూసినవాళ్ల కన్నా తక్కువగా కోలుకున్నారు.

మెదడు తనను తాను ఎలా సర్దుకుంటుందన్నది ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టౌబ్ కోతుల్లో ఒక చేతి స్పర్శ నరాలు తెంచి చూశాడు. (ఆ కోతులను ఉంచిన తీరు మీద 1981లో అమెరికాలో పెద్ద గొడవై కోర్టు దాకా వెళ్లింది.) చెయ్యి కదిలించే శక్తి ఉన్నా, అవి దాన్ని వాడటం మానేశాయి. మొదట్లో ప్రయత్నించి విఫలమై, మంచి చేతికి అలవాటుపడి, ఆ చెయ్యిని మరిచిపోయాయి. మంచి చేతిని కట్టేస్తే మళ్లీ వాడాయి. 2006లో ఎక్సైట్ పరీక్ష ఇదే పని 222 మంది మనుషుల్లో చేసింది: రెండు వారాలు మంచి చేతికి మెత్తటి తొడుగు, రోజూ గంటల కొద్దీ సాధన. వేళ్లు, మణికట్టు కొంచెమైనా కదిలేవాళ్లకు చెయ్యి మెరుగైంది, ఏడాది తర్వాత కూడా నిలిచింది. మన ఇళ్లలో ప్రేమకొద్దీ అన్నం కలిపి నోట్లో పెడతాం. కదిలే చెయ్యి ఉన్న మనిషికి అది మేలు కాదు.

ఎప్పుడు చేయాలన్నదానికి 2021లో వచ్చిన సీపాస్ పరీక్ష ఒక జవాబు ఇచ్చింది. 72 మందే ఉన్న చిన్న పరీక్ష అది. మామూలు చికిత్సకు అదనంగా 20 గంటల చేతి సాధనను కొందరికి మొదటి నెలలో, కొందరికి రెండు మూడు నెలల మధ్య, కొందరికి ఆరు నెలలు దాటాక ఇచ్చారు. అన్నిటికన్నా ఎక్కువ మేలు రెండు మూడు నెలల మధ్య కనిపించింది. ఆరు నెలలు దాటాక ఇచ్చినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మన దగ్గర సరిగ్గా ఆ రెండో నెలకే చుట్టాలు రావడం తగ్గుతుంది, కొడుకులు పనికి వెళ్లిపోతారు, ఇంట్లో ఒకే మనిషి మిగులుతుంది.

ఆ ఒక్క మనిషికి శిక్షణ ఇస్తే సరిపోతుందా? మన దేశంలోనే దీన్ని గట్టిగా పరీక్షించారు. అటెండ్ అనే ఆ పరీక్షలో 14 ఆస్పత్రులు, 1,250 మంది రోగులు ఉన్నారు. ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. ఇంటివాళ్లలో ఒకరికి ఆస్పత్రిలోనే వ్యాయామాలు నేర్పి, ఇంటికి వెళ్లాక కూడా చూసివచ్చారు. ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లు కలిపి నేర్పిన గుంపులో 47 శాతం, నేర్పని గుంపులోనూ 47 శాతం. బ్రిటన్‌లో 928 జంటలతో చేసిన ట్రాక్స్ పరీక్షలో కూడా 2013లో ఇదే తేలింది. రోగి మెరుగుపడలేదు, చూసుకునేవాళ్ల భారమూ తగ్గలేదు.

దీన్ని ఇంటివాళ్ల సేవ వృథా అని చదవకూడదు. అటెండ్‌లో రెండు గుంపుల్లోనూ సేవ చేసింది ఇంటివాళ్లే. పుండ్లు పడకుండా, మాత్రలు తప్పకుండా చూసేది వాళ్లే. తేలింది ఏమిటంటే, థెరపిస్టు చేయాల్సిన పనిని కొన్ని రోజుల పాఠంతో కోడలి చేతిలో పెట్టేస్తే థెరపీ చేసినట్టు కాదు. మొదటి గంటల్లో ఇంటివాళ్లకు తెలిసిన చిన్న సంగతి కూడా ఫలితాన్ని మారుస్తుంది. తర్వాతి నెలల్లో వాళ్లకు ఎంత నేర్పినా ఫలితం అంతగా మారలేదు. మనం మాత్రం ఆ గంటల గురించి వాళ్లకు ఏమీ చెప్పకుండా, ఆ నెలల బరువంతా వాళ్ల మీదే వేస్తున్నాం. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుందని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. వాళ్లను చూసుకునే ఆడవాళ్ల నడుం నొప్పి, నిద్రలేమి, టెన్షన్ మాత్రం ఏ ఓపీ చీటీలోనూ రాసి ఉండవు.

ఈ పని శిక్షణ పొందిన ఆరోగ్య సహాయకులకో, ఊళ్లో బృందంగా పనిచేసేవాళ్లకో అప్పగించి చూడాలని అటెండ్ పరిశోధకులే రాశారు. ఆశా కార్యకర్త ఎలాగూ ఇల్లిల్లూ తిరుగుతోంది. నెలకోసారి వచ్చే థెరపిస్టుతో ఆమెను జతచేసి, వారానికి రెండు మూడు పూటలు రోగి ఇంట్లో కూర్చోబెడితే చాలు, దానికి జీతం విడిగా ఇవ్వాలి. ఎప్పుడు పంపాలో సీపాస్ చెప్పింది: పక్షవాతం వచ్చిన మొదటి మూడు నెలల్లో, ముఖ్యంగా రెండు మూడు నెలల మధ్య. ఆమె వచ్చిన ఆ గంటసేపైనా కోడలికి సెలవు దొరుకుతుంది.