మాటలు ఒకటే, మనుషులు ఇద్దరు

చి. పండుకి, చిట్టికి తాతయ్య ఆశీస్సులు.

పండూ, నీ ఫిర్యాదు అందింది. గండాహాతి జలపాతం దగ్గర ఇద్దరూ ఒకే కాగితం చూసి అవే మాటలు చెప్పి వీడియోలు పెట్టారు. చూసినవాళ్లు చిట్టిని చలాకీ అన్నారు, నిన్ను మొహమాటస్తురాలు అన్నారు. "నేనెక్కడా అలా చెప్పలేదే!" అని కదా నీ బాధ?

1936లో మన పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినా, నా చిన్నప్పుడు మా వీధి సగం తెలుగే. ధనుర్మాసం వస్తే మన గుమ్మాల్లో చుక్కల ముగ్గులు, మార్గశిరంలో ఒడియావాళ్ల గుమ్మాల్లో గురువారం గురువారం తడి బియ్యప్పిండితో లక్ష్మీపాదాలు. బడికి పోతూ తలెత్తకుండానే ఏ ముగ్గు ఎవరిదో చెప్పేసేవాణ్ణి. చుక్కలు అందరివీ ఒకటే. మా పెద్దమ్మ నడుం వంచేది కాదు, పైనుంచే పిండి వదిలేది. గీత లావు, అంచులు చెదురు. ఎదురింటి అక్కది సన్నగీత. మెలిక దగ్గర ఆగి ఆలోచించేది కాబోలు, అక్కడ చిటికెడు పిండి కుప్పపడేది. తర్వాత రాయగడలో ఉద్యోగం చేసింది. ఫైళ్లు కూడా అంతే జాగ్రత్తగా చూసేదట!

మీ వీడియోలూ ముగ్గులే. కాగితం మీద మాటలు చుక్కలు, కలిపే గీత ఎవరిది వాళ్లదే. పాటలు, ఫిల్టర్లు రంగులనుకో. ఎంత అద్దినా గీత మారదు. నువ్వు కెమెరా వైపు చూడవు, తెర మీద నీ బొమ్మనే చూసుకుంటావు. ఆఖరి మాట పూర్తికాకుండానే నీ వేలు బటన్ మీదికి వచ్చేస్తుంది. "తప్పకుండా రండి"లో "డి" మాకు వినపడనే లేదు. చిట్టేమో, మేక అడ్డొస్తే ముగ్గు తొక్కిందని తరమలేదు, దానికీ జలపాతం గురించి చెప్పింది!

యూట్యూబ్‌లో మొట్టమొదటి వీడియో 2005 ఏప్రిల్ 23న వచ్చింది. 19 సెకన్లే. జావేద్ కరీం అనే కుర్రాడు జూలో నిలబడి ఏనుగుల తొండాలు భలే పొడుగని చెప్పాడు, అంతే. అంతలోనే మనిషి కాస్త తెలిసిపోతాడు.

ఇలా మాట్లాడే వీడియోల మీద 2013లో ఒక అధ్యయనం వచ్చింది. చూసేవాళ్ల అభిప్రాయాలు బాగా కలిసింది కలుపుగోలుతనం విషయంలోనేనట. నిజమే, గొంతు, చేతుల ఊపు ఇట్టే కనపడతాయి. నీ ఓపిక అంత తొందరగా కనపడదు. అందుకని దిగులు పడకు, నువ్వూ ఎవరినీ పది సెకన్లలో తేల్చేయకు. అసలు ఒక వేలి కదలికలో మనిషి ఎలా దొరుకుతాడో నాకు ఇప్పటికీ వింతే.

ఈ ఆదివారం శబ్దం తీసేసి రెండు వీడియోలూ చూడండి. మొహాలు కాదు, చేతులు. నీ చేతుల గురించి చిట్టి, చిట్టి చేతుల గురించి నువ్వు నాకు రాయండి. ఫోన్‌లో కాదు, కార్డు మీద.

మీ తాతయ్య