చేపల్ని చంపింది మందు కాదు, చచ్చిన ఫ్లాట్‌వార్మ్‌లు

"మందు వేసిన గంటలో చేపలన్నీ పోయాయి. అది విషం, ఎవరూ కొనకండి." రీఫ్ ట్యాంక్‌లో (కోరల్స్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో) ఫ్లాట్‌వార్మ్‌ల, అంటే చదును పురుగుల మాట వచ్చిన ప్రతిసారీ ఈ ముక్క ఎవరో ఒకరు అంటారు. చేపలు పోయిన మాట నిజం, ఆ బాధా నిజం. నేరం మోపిన చోటే తప్పు.

ముందుగా రెడ్ ప్లనేరియా అనే ఫ్లాట్‌వార్మ్ సంగతి. తుప్పు రంగు, 3 నుంచి 5 మిల్లీమీటర్ల పొడవు, వెనక తోకల్లా చీలికలు. వెలుగు బాగా పడి, నీటి ఉరవడి తక్కువగా ఉన్న రాళ్ల మీద దుప్పటిలా పరుచుకుంటుంది. దీని ప్రజాతి పేరు కాన్వోల్యూట్రిలోబా. (పేరుకే ఫ్లాట్‌వార్మ్. ఇది చేరే ఏసీల్ వర్గాన్ని అసలు చదును పురుగుల వర్గం నుంచి ఎప్పుడో విడదీశారు.)

అపోహ: మందు ప్రమాదం కాబట్టి సగం డోసుతో మొదలుపెడితే క్షేమం.

వాస్తవం: ఈ పురుగుల ఒంట్లోనే విషం ఉంటుంది. బతికున్నంతసేపూ అది లోపలే ఉంటుంది. వేల పురుగులు కొన్ని నిమిషాల్లో ఒక్కసారిగా చస్తే అదంతా నీళ్లలో కలుస్తుంది, నీరు ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది. చేపలు పోయేది అప్పుడే. సగం డోసు వేస్తే కొన్ని చచ్చి విషం ఎలాగూ వదులుతాయి, మిగతావి బతికిపోతాయి. ఈ పురుగుకు జత అక్కర్లేదు, మొగ్గ తొడిగి పిల్లను విడుస్తుంది. నాలుగు మిగిలినా కొన్ని వారాల్లో రాయంతా మళ్లీ ఎర్రబారుతుంది. తగ్గించాల్సింది పురుగుల సంఖ్యని, డోసుని కాదు.

కాబట్టి సీసా మూత తీసే ముందు సైఫన్ పట్టుకోండి. 4 నుంచి 6 మిల్లీమీటర్ల గట్టి గొట్టాన్ని ఎయిర్‌లైన్ పైపుకు తగిలించండి. లైట్లు వెలిగిన రెండు మూడు గంటలకు పురుగులు వెలుగులో గుంపు కడతాయి. అప్పుడు పంపులు ఆపి లాగండి, ఆ నీటిని బకెట్లోకి వదిలి పారబోయండి. ఫిల్టర్ సాక్‌లో (వడపోత సంచిలో) వడగట్టి సంప్‌లోకి (ట్యాంక్‌కి కలిపి ఉండే ఫిల్టర్ తొట్టిలోకి) తిరిగి వదిలితే నలిగిన పురుగుల రసం ట్యాంక్‌కే చేరుతుంది. నాలుగైదు రోజులు ఇదే పని. వెతికితే తప్ప కనపడని స్థితికి రావాలి. ఇది విసుగు పని, అందుకే అందరూ ఎగ్గొడతారు.

డోసు లెక్క అసలు నీటి మీద వేయాలి. 200 లీటర్ల ట్యాంక్, 60 లీటర్ల సంప్ అంటే 260 లీటర్లు అనుకోకండి. రాయి, ఇసుక, సంప్‌లో పైన ఉండే ఖాళీ తీసేస్తే చాలాసార్లు 200 దగ్గరే తేలుతుంది. సాలిఫెర్ట్ వాళ్ల ఫ్లాట్‌వార్మ్ ఎగ్జిట్ లాంటి మందైతే సీసా మీద రాసిన డోసే వేయండి. భయంగా ఉంటే ముందు రోజు 5 లీటర్ల ట్యాంక్ నీటిలో కొన్ని పురుగులు వేసి అదే లెక్కన మందు వేసి చూడండి. ముడుచుకుని ఊడి పడిపోతే మందు పనిచేస్తున్నట్టే.

మందు వేసే రోజుకు రెండు సిద్ధంగా ఉండాలి: ఒకటి, ఉప్పుదనం, వేడి సరిచూసిన కొత్త ఉప్పునీరు, మొత్తం నీటిలో కనీసం 30 శాతం; రెండు, మామూలుగా వాడేదానికి రెండు మూడింతల యాక్టివేటెడ్ కార్బన్, నల్ల పొడి పోయేదాకా ఆర్‌ఓ నీటిలో కడిగినది. పాత కార్బన్ తీసేసి, స్కిమ్మర్ (నురగతో మురికి లాగే పరికరం), యూవీ లైటు, ఓజోన్ ఆపండి. రిటర్న్ పంపు, వేవ్‌మేకర్లు ఆడుతూనే ఉండాలి, లేకపోతే ఓవర్‌ఫ్లోలో (నీరు సంప్‌లోకి దిగే చోట) దాక్కున్న పురుగులకు మందు అందదు. ఎయిర్‌స్టోన్ పెట్టండి. మందు పడ్డాక ఊడి తేలే పురుగుల్ని అప్పటికప్పుడు లాగేయండి. సుమారు గంటకి నీళ్లు మార్చి, కార్బన్, స్కిమ్మర్ పెట్టండి. చేపలు మూలకు చేరి మొప్పలు గబగబా కొట్టుకుంటుంటే గంట కోసం ఆగొద్దు, వెంటనే కార్బన్ పెట్టి నీళ్లు మార్చండి. మర్నాడు కార్బన్ మార్చండి. వారం తర్వాత, ఒక్కటి కూడా కనపడకపోయినా, రెండో విడత వేయాల్సిందే.

మిగతా అపోహలకు ఇంత చోటు అనవసరం. సిక్స్‌లైన్ ర్యాస్ అనే చేపని తెచ్చి వేస్తే చాలంటారు. కొన్ని తింటాయి, కొన్ని వాటి వంక కూడా చూడవు. బ్లూ వెల్వెట్ స్లగ్ (గుల్ల లేని సముద్రపు నత్త) తింటుంది గానీ ఈ పురుగులు తప్ప ఇంకేమీ తినదు, పురుగులు అయిపోగానే ఆకలితో చస్తుంది, ఈలోగా పంపులో పడకపోతే. మూడు రోజులు లైట్లు ఆపితే తగ్గుతాయే తప్ప పోవు. రెడ్ ప్లనేరియా కోరల్‌ని తినదు, పైన పరుచుకుని వెలుగు అందకుండా చేస్తుంది. గాజు మీద పాకే తెల్లటి సన్న పురుగుల జోలికి అసలు వెళ్లకండి, వాటి మానాన వాటిని వదిలేయండి.

అక్రోపొరా అనే కొమ్మల కోరల్‌ని తినే ఫ్లాట్‌వార్మ్ మాత్రం వేరే శత్రువు. ట్యాంక్‌లో వేసే మందు దాని మీద నమ్మకంగా పనిచేయదు. ఒంటి రంగు కోరల్‌దే కాబట్టి కంటికి ఆనదు. గుండ్రటి పాలిపోయిన కాట్లు, కొమ్మల నీడవైపు రంగు తగ్గడం దాని గుర్తులు. "ఒకసారి డిప్ చేశాను, అయిపోయింది" అనేవాళ్లు మోసపోయేది గుడ్ల దగ్గర. డిప్, అంటే కోరల్‌ని బయటికి తీసి మందు నీటిలో ముంచడం, పురుగుల్ని ఊడగొడుతుంది, గుడ్లని చంపదు. కోరల్ మొదలు దగ్గర చర్మం పోయిన తెల్లటి చోట గోధుమరంగు గుడ్ల గుత్తులుంటాయి. ఆ భాగాన్ని కోసి పారేసి, పాత ఫ్రాగ్ ప్లగ్ (కోరల్ ముక్కని అతికించే చిన్న దిమ్మ) వదిలేసి కొత్తదాని మీద అతికించండి. డిప్‌లో ఉన్నంతసేపూ బేస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న గొట్టంతో) కొమ్మల సందుల్లోకి నీటిని బలంగా చిమ్ముతుండండి. వారానికోసారి, కనీసం 6 వారాలు, ట్యాంక్‌లో ఉన్న ప్రతి అక్రోపొరాకీ ఇదే చేయాలి. రాయికి అతుక్కుపోయి బయటికి తీయలేని ఒక్క కాలనీని వదిలేసినా, మిగతావాటి మీద పడిన శ్రమంతా వృథా.